హాకిన్స్ తీర్పుపై హన్మకొండ అప్పీలు

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే వరంగల్, హన్మకొండల్లో ఒక తీవ్రమైన ప్రజాసమస్య తలెత్తింది. ఇంతవరకు ఏ అధికారీ దాన్ని పట్టించుకోలేదు కాబట్టి రాయక తప్పడం లేదు. హాకిన్స్ అనే అమెరికా ఊళ్లో పిల్లలు వేరే లోకపు రాక్షసులతో పోరాడే నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ ఆఖరి ఎపిసోడ్ అమెరికాలో 2025 డిసెంబర్ 31 సాయంత్రం విడుదలైంది. ఆ లెక్కన మనకు జనవరి 1 ఉదయం ఆరున్నర. రాత్రి కేకు కోసి ఏ రెండింటికో పడుకున్న పిల్లలు, పరీక్ష రోజున కూడా ఎనిమిది దాటితే గానీ లేవనివాళ్లు, ఎవరూ లేపకుండానే లేచారు. భద్రకాళి గుడికి పోదాం పదండ్రా అని తల్లులు అరుస్తుంటే ‘ఐదు నిమిషాలు’ అని రెండు గంటలు కూర్చున్నారు. తొమ్మిదయ్యేసరికి జిల్లా యావత్తూ అసంతృప్తిలో మునిగిపోయింది. జిల్లా యావత్తూ అంటే నెట్‌ఫ్లిక్స్ ఉన్నవాళ్లూ, నెట్‌ఫ్లిక్స్ ఉన్న బావమరిది పాస్‌వర్డ్ తెలిసినవాళ్లూ అని అర్థం.

ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగినా పెద్దగా లాభం లేదు, మీ చిన్నాన్న కొడుకు ఎప్పుడో స్టేటస్ పెట్టేసి ఉంటాడు.

అన్నిటికంటే బరువైన ఫిర్యాదు, చావాల్సినంత మంది చావలేదని. ముఖ్యంగా పిల్లల వెంట ఉండే కుర్రాడు స్టీవ్. ఈ అబ్బాయికి ఏమీ కాకూడదని ఏళ్ల తరబడి మొక్కుకున్నవాళ్లే, చివరికి వాడు టవర్ మీంచి జారినప్పుడు గుండె పట్టుకున్నవాళ్లే, జోనథన్ చెయ్యందించి పైకి లాగగానే ‘అంతేనా’ అని పెదవి విరిచారు. ప్రేక్షకుడి కోరిక అర్థం చేసుకోవాలి. స్టీవ్ బతకాలి, కానీ తాము ఏడవడానికి సరిపడా పోవాలి. ఇంత చిన్న కోరిక తీర్చలేకపోయారంటే సిరీస్ తీసిన డఫర్ సోదరులకు బాధ్యత ఉందనుకోవాలా?

రెండోది లెక్కల విభాగం. ఇది మన ఇంజినీరింగ్ కాలేజీల చుట్టుపక్కల బలంగా ఉంది. ఆఖరి యుద్ధంలో డెమోగోర్గన్లనే రాక్షసులు ఒక్కటీ కనిపించలేదేమని వీళ్ల ప్రశ్న. అన్ని సీజన్లూ మనుషుల్ని పీక్కుతిన్న బలగం, యజమాని, అంటే విలన్ వెక్నాకి, ప్రాణం మీదికొచ్చిన రోజున ఎటు పోయింది? ప్రభుత్వ ఆఫీసుల్లో పని పడినవాళ్లెవరైనా ఇందులో వింత లేదంటారు. అసలు పని ఉన్న రోజే సిబ్బంది మూకుమ్మడిగా సెలవులో ఉంటారు. ఈ వివరణ నేను ఇచ్చి చూశాను, ఒప్పుకోలేదు. గేట్ పరీక్షలో మైనస్ మార్కులున్నట్టు ఎపిసోడ్‌కి కూడా ఉండాలన్నారు.

ఇక అతీంద్రియ శక్తులున్న అమ్మాయి ఎలెవన్ విషయం. ఆమె ప్రాణత్యాగం చేసినట్టు చూపించారు. తర్వాత ఆమెను ప్రేమించిన మైక్ కూర్చుని, కాదు, ఆమె తప్పించుకుని మూడు జలపాతాలున్న చోట ఎక్కడో బతుకుతోందని కథ చెబుతాడు. స్నేహితులంతా నమ్ముతున్నామంటారు. డిసెంబర్‌లో సర్పంచి ఎన్నికలైపోయి, కొట్లాడుకోవడానికి ఏమీ లేక దిగులుగా ఉన్న జనానికి ఇది బాగా అందివచ్చింది. బతికిందనే వర్గం, పోయిందనే వర్గం. మధ్యలో ఉండేవాడికి రెండు వైపులా చాయ్ దొరకదు. చౌరస్తా దగ్గర ఒక హోటల్లో విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“ఏందిరా, గా పోరి బతికినట్టా సచ్చినట్టా?”

“నమ్మితే బతికినట్టే కాకా.”

“నమ్ముడేంది? గన్నేండ్లు సూసింది నమ్మనీకానా? గది గుళ్లె కూసున్నా అయితుండె కద.”

విమర్శకులు పేజీలు పేజీలు రాశారు గానీ, ఇంత సూటిగా ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

ఇవన్నీ ఒక ఎత్తు, జనవరి 7 ఒక ఎత్తు. మనం చూసింది అసలు ముగింపే కాదనీ, అది వెక్నా కల్పించిన భ్రమ అనీ, అసలు ఎపిసోడ్ 7వ తేదీన రహస్యంగా వస్తుందనీ ప్రపంచమంతా ఒక సిద్ధాంతం పుట్టింది. ఆధారాలేమిటంటే, గ్రాడ్యుయేషన్ సీన్‌లో విద్యార్థులంతా ఒకే తీరుగా చేతులు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారట. మామూలు పిల్లలు అలా కూర్చోరట. అంటే వాళ్ల మెదళ్లు ఎవరి అదుపులోనో ఉన్నాయట.

ఇది చదివి నేను కాస్త భయపడ్డాను. చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని, కదలకుండా కూర్చోవడం వెక్నా లక్షణమైతే, హన్మకొండలో ప్రైవేటు స్కూళ్లన్నీ ఎప్పుడో వాడి చేతికి పోయినట్టే. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల గురించి చెప్పనే అక్కర్లేదు. అక్కడ పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్, కిటికీలకు జాలీలు, నెలకోసారి తల్లిదండ్రుల దర్శనం. వెక్నా పిల్లల్ని ఎత్తుకుపోవాల్సి వచ్చింది. ఇక్కడ మనమే ఫీజు కట్టి, పెట్టె సర్ది, ఆవకాయ సీసాతో సహా అప్పగించి వస్తాం. హాకిన్స్‌లో విల్ అనే పిల్లవాడు కనపడకపోతే ఊరు ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని వెతికింది. మన దగ్గర కనపడకపోతే ర్యాంకు వస్తుందని ధీమా.

7వ తేదీ వచ్చింది, ఎపిసోడ్ రాలేదు. 12న సిరీస్ ఎలా తీశారో చెప్పే డాక్యుమెంటరీ మాత్రం వచ్చింది. ఆఖరి ఎపిసోడ్ స్క్రిప్టు పూర్తి కాకుండానే షూటింగ్‌కి దిగారని అందులో బయటపడేసరికి మళ్లీ గగ్గోలు. మిగతా రాష్ట్రాలవాళ్లు ఆశ్చర్యపోతే అర్థం ఉంది. డిజైను చేతికి రాకముందే కొబ్బరికాయ కొట్టే సంప్రదాయం మనది. మనవాళ్లు కూడా నోరు తెరవడం బాగా లేదు.

సంక్రాంతికి ఐనవోలు జాతరకు పోయిన ఒక కుర్రాడు ఈ గొడవంతా తన పెద్దమ్మకు చెప్పాడట. ఆమె ఒగ్గుకథ వింటూనే, “మల్లన్న పెండ్లి ఎట్లయితదో నాకు తెల్వదా బిడ్డా? ఏటేటా ఇననే ఇంటి. మంగళారతి అయినంక లేసి ఇంటికి పోవుడే. మీరు మంగళారతి అయినంకనే మొదలువెడుతుండ్రు,” అందట. పాతకాలం మనిషి, నెట్‌ఫ్లిక్స్ సంస్కృతి తెలియదు, వదిలేద్దాం.

నిజానికి ముగింపుల విషయంలో ఉత్తర తెలంగాణవాళ్లకు ఉన్నంత తర్ఫీదు ఎవరికీ లేదు. హాకిన్స్‌లో విల్ తప్పిపోయింది కథ ప్రకారం 1983 నవంబర్‌లో. అప్పటికే కాజీపేటకు రైల్వే కోచ్ ఫ్యాక్టరీ వస్తోందని మనవాళ్లు చెప్పుకుంటున్నారు. 1985లో అది పంజాబ్‌లోని కపుర్తలాలో తేలింది. విల్ మొదటి సీజన్‌లోనే ఇంటికొచ్చేశాడు. మన సీజన్లు నడుస్తూనే ఉన్నాయి. విభజన చట్టంలో ఒక ఎపిసోడ్, 2023 జూలైలో ప్రధాని వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసింది మరో ఎపిసోడ్. మామునూరు ఎయిర్‌పోర్టు వేరే సిరీస్. నిజాం కాలంలో మొదలై, 1981లో విమానాలు ఆగి, 2025లో కేంద్రం అనుమతితో మళ్లీ తెర లేచింది. తాతలు చూడటం మొదలుపెట్టింది మనవళ్లు చూస్తున్నారు. వీటికి స్పాయిలర్ల భయం లేదు, ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి.

నా మటుకు ఆ ఆఖరి వీడ్కోళ్లు బాగానే ఉన్నాయి. పిల్లలు ఆట పుస్తకాలు అల్మారాలో పెట్టి మెట్లెక్కి వెళ్లిపోతుంటే, మైక్ చెల్లెలు హాలీ బ్యాచ్ ఉరుకుతూ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చోవడం చూసి కళ్లు తడిశాయి కూడా. ఈ మాట చౌరస్తాలో అనే ధైర్యం లేదు.

పరిష్కారం మాత్రం ఒకటి తోచింది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది కదా, అందులో ఆఖరి ఎపిసోడ్లకు ఒక కౌంటర్ పెట్టాలి. ఈ సూచన ఇవ్వగానే కుర్రాళ్లు దరఖాస్తు రాయడానికి కూర్చున్నారు. ఏ శాఖకు రాయాలన్న దగ్గరే గంట పట్టింది. పిల్లలు తప్పిపోయారు కాబట్టి పోలీసు శాఖ అని ఒకడు, లైట్లు ఆరి వెలిగాయి కాబట్టి కరెంటు వాళ్లు అని ఇంకొకడు, భూమి తలకిందులైంది కాబట్టి భూ రికార్డుల పోర్టల్ ధరణి అని మరొకడు. ధరణి పోయి భూభారతి వచ్చిందని వాణ్ని కూర్చోబెట్టారు. స్టీవ్‌ను చంపాలన్న అంశం మెజారిటీతో వీగిపోయింది. ఎలెవన్ సంగతి తేల్చాలన్నవాళ్లూ, తేల్చొద్దన్నవాళ్లూ సమానంగా రావడంతో దాన్ని పక్కన పెట్టారు. సాగదీశారన్నవాళ్లూ, హడావిడిగా ముగించారన్నవాళ్లూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. చివర్లో ఎవరో లేచి, ఇదంతా ఎందుకు, ఆరో సీజన్ తీయమని ఒక్క ముక్క రాస్తే సరిపోదా అన్నాడు. వ్యతిరేకించినవాడు ఒక్కడూ లేడు.