పేర్లు పోయింది డేటాబేస్ ఉచితమైనందుకు కాదు

సంక్రాంతి సెలవుల్లో అమలాపురంలో మన సంఘం పెట్టిన స్కాలర్‌షిప్పుల సభలో పిల్లల్ని దరఖాస్తు నంబర్లతో వేదిక మీదికి పిలిచారు. అచ్చు వేసి తెచ్చిన జాబితాలో చాలాచోట్ల పేరుకు బదులు ప్రశ్నార్థకాల వరుసే ఉంది. శుభలేఖలో ఒక్క అక్షరం తప్పు పడినా మళ్ళీ అచ్చు వేయించే కోనసీమలో, లంక గ్రామాల నుంచి వచ్చిన తల్లిదండ్రుల కళ్ళముందు జరిగిందిది. వెంటనే కార్యవర్గంలో మాట వచ్చింది: మన దరఖాస్తులు దాచే ఉచిత డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ వదిలేసి, డబ్బు కట్టి ఏదైనా కొందామని. అది పొరపాటు నిర్ణయం అవుతుంది.

దరఖాస్తుల పట్టిక క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) లాటిన్1. 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ వచ్చేదాకా డిఫాల్టు అదే. పాత వెబ్ ఫారం నుంచి సర్వరుకు వెళ్ళే కనెక్షన్ కూడా లాటిన్1 కావడంతో తెలుగు బైట్లు ఎలా వెళ్ళినవి అలా తిరిగొచ్చేవి, ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త ఫారంలో కనెక్షన్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 చేశారు, పట్టికను ముట్టలేదు. లాటిన్1లో తెలుగు అక్షరాలే లేవు కనుక సర్వరు ఒక్కోదానికీ ఒక ప్రశ్నార్థకం రాసుకుంది. చెల్లని డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగేది. పాత కోడ్‌కు అడ్డొస్తోందని దాన్ని ఎప్పుడో తీసేశారు.

పాత ఫారం పేర్లూ క్షేమంగా లేవు. పేరు రాసే గడి 50 బైట్లు, తెలుగులో అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. 'వెంకట సత్యనారాయణ మూర్తి' అని రాస్తే 'వెంకట సత్యనారాయణ మ' దగ్గర తెగిపోతుంది.

బాగుచేసే ముందు ప్రతి వరుసనూ, బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఫంక్షన్‌తో చూడాలి. 3ఎఫ్ 3ఎఫ్ (ప్రశ్నార్థకాల బైట్లు) అని వస్తే ఆ పేరు పోయినట్టే, కాగితం దరఖాస్తు చూసి ఎక్కించాలి. తెలుగు బైట్లైన ఈ0 బీ0, ఈ0 బీ1 కనిపిస్తే బతికే ఉంది: గడిని ముందు వార్‌బైనరీకి (వట్టి బైట్ల గడికి), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్‌కు (అక్షరాల గడికి) మార్చాలి. నేరుగా కన్వర్ట్ చేస్తే బైట్లు రెండోసారి ఎన్‌కోడ్ అయి, నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాల చిందరవందర మిగులుతుంది. చివరి అక్షరం సగంలో తెగిన వరుసల్ని ముందే ఏరి పక్కన పెట్టండి, లేకపోతే స్ట్రిక్ట్ మోడ్‌లో మార్పు మధ్యలో ఆగుతుంది.

కొనాలనేవారి భయంలో అర్థం లేకపోలేదు. 1995లో పుట్టిన మైఎస్‌క్యూఎల్ 2008లో సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్ళింది. 9.0 వెర్షన్‌లో వెక్టర్ (అంకెల వరుస) డేటా టైప్ అందరికీ ఇచ్చి, రెండు వెక్టర్ల మధ్య దూరం కొలిచే ఫంక్షన్‌ను మాత్రం తమ క్లౌడ్ సేవ హీట్‌వేవ్‌కే ఉంచుకున్నారు. ఇది నచ్చే పని కాదు. కానీ కోడ్ ఎవరైనా వాడి మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కిందే ఉంది. మైఎస్‌క్యూఎల్ యజమాని మారుతున్నప్పుడే అదే కోడ్‌తో మరియాడీబీ విడిగా నిలబడింది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని మరో ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఏటా ఒక పెద్ద వెర్షన్ ఇచ్చి, ఒక్కోదాన్నీ ఐదేళ్ళు చూసుకుంటుంది. ఎన్‌కోడింగ్‌లో ఇమడని అక్షరం వస్తే ప్రశ్నార్థకం పెట్టదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. వెబ్‌సైటు మళ్ళీ రాయించే రోజున నా ఓటు దానికే.

ప్రస్తుతానికి మాత్రం మైఎస్‌క్యూఎల్ 8.4 వెర్షన్‌కు వెళ్దాం. మన సర్వరు 5.7, దానికి 2023 అక్టోబరుతోనే మద్దతు గడువు తీరింది. అక్కడి నుంచి 8.4కి ఒక్క దూకు కుదరదు, మధ్యలో 8.0 ఎక్కాలి. ప్రతి మెట్టుకూ ముందు మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్ నడపండి. 8.4లో పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతి డిఫాల్టుగా ఆపేసి ఉంటుంది, కాబట్టి మన పాత పీహెచ్‌పీ కోడ్ మొదటి రోజే లాగిన్ దగ్గర చతికిలపడుతుంది. యూజర్లను ముందే క్యాషింగ్ షా2 అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతికి మార్చుకోవాలి.

రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసి పూడిక, గుర్రపుడెక్క తీయకపోతే ధవళేశ్వరంలో ఎంత నీరున్నా శివారు చేలకు అందదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. డేటాబేస్ కూడా అంతే, లైసెన్సు కొన్నా ఇలా చూసుకునే పని తప్పదు. సర్వసభ్య సమావేశంలో ఆ కొనుగోలు తీర్మానం పక్కన పెట్టండి. ఇక్కడ ఒకరికి, భీమవరంలోనో కాకినాడలోనో చదువు ముగించిన ఒకరికి జీతమిచ్చి ఈ బాధ్యత అప్పగించండి. నెలకోసారి బ్యాకప్‌ను వేరే సర్వరులో రీస్టోర్ చేసి, అందులోంచి తెలుగు పేర్ల పేజీ ఒకటి అచ్చు తీసి కార్యదర్శి గారి సంతకం తీసుకోవడం వారి మొదటి పనిగా పెట్టండి.