మూడో వంతు సారుకు పాలమూరు నుంచి ఉత్తరం

గౌరవనీయులైన మూడో వంతు సారుకు,

దండాలు. మీరు మమ్ముల ఎరుగరు. మేమైతే మిమ్ముల 2018కెళ్లి ఎరుగుదుం. ఆ ఏడు ఏప్రిల్ ఆఖర్ల హర్యానా సర్కారు ఒక ఉత్తర్వు తీసింది. సర్కారు కొలువుల ఉన్న ఆటగాడు ప్రొఫెషనల్ ఆటలు ఆడి సంపాయించినా, అడ్వర్టైజ్‌మెంట్లల్ల కనవడి సంపాయించినా, అండ్లకెళ్లి మిమ్ముల తీసి రాష్ట్ర క్రీడా మండలికి కట్టాలె. డ్యూటీ మీద ఉన్నట్టు లెక్క రాయించుకొని ఆడినోడైతే మొత్తం కట్టాలె. అంటే అవసరం పడితే మీరు మూడుకు మూడు వంతులు గూడ కాగలరు. ఎందుకయ్యా అంటే, రాష్ట్రంల ఆటలు బాగుపడాలె గద!

జూన్‌ల సంగతి బయటికి పొక్కంగనే కుస్తీ పట్టే బబితా ఫోగట్, యోగేశ్వర్ దత్, సుశీల్ కుమార్ గట్టిగనే అడిగిన్రు. ముఖ్యమంత్రి ఉత్తర్వును ఆపి పెట్టిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, హర్యానా పిసినారి రాష్ట్రమేం కాదు. ఒలింపిక్ బంగారానికి 6 కోట్లిస్తది. ఇచ్చిన చెయ్యే లెక్క అడిగిందనే మాకు ఆశ్చర్యం.

మా దిక్కు మీరింకా రాలే. 2024ల మన సర్కారు బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ సిరాజ్‌కు డీఎస్పీ కొలువులిచ్చింది. అదే ఏడు నవంబర్‌ల ఐపీఎల్ వేలంల సిరాజ్‌ను గుజరాత్ టైటాన్స్ 12.25 కోట్లకు కొన్నది. మా మహబూబ్‌నగర్‌ల కబడ్డి పిల్లలకు లెక్కలు రావంటే నమ్మకున్రి, నోటితోనే చెప్పేసిన్రు: అండ్ల మూడో వంతు 4 కోట్ల 8 లక్షల చిల్లర. ఆ పైసలు మీకు ఇయ్యాలనేం కాదు. మీరొస్తే తమ కాడ ఏం తీస్కపోతరో అని వాళ్ల రంది.

తీస్కపోనీకి ఏమున్నది సారూ? దసరాకో, సంక్రాంతికో ఊర్లల్ల పెట్టే టోర్నమెంట్‌ల గెలిస్తే వచ్చే పైసలు పన్నెండుమందికి పంచాలె. అండ్ల ఆటో కిరాయి తియ్యాలె. మోకాలి క్యాప్‌లు, స్ప్రే, అరటిపండ్లు, ఓడిన కోపంల పలగ్గొట్టిన ట్యూబ్‌లైట్. మిగిలిన దాంట్ల మీ పాలు చిల్లర దొరకక రసీదు మీదనే ఉంటది. కానీ మా కాడ ఇంకొకటి మస్తున్నది, తెగిన లిగమెంట్లు. మక్తల్‌లనో అచ్చంపేటలనో మట్టి కోర్టుల మోకాలు తిరిగినోడు హైదరాబాద్‌ల ఆపరేషన్ చేయించుకోవాలె. ఆ బిల్లుల మూడో వంతుకు మీ తరఫున ఏ ఉత్తర్వూ ఇంకా రాలే. ఒకవేళ వచ్చి ఎక్కడన్న ఆగిపోయిందేమో, జర చూడున్రి.

చైనాల మీకొక పెద్దన్న ఉండె, అక్కడి సర్కారు టెన్నిస్ సంఘం. టెన్నిస్ ఆడే లీ నా గెలుచుకున్న దాంట్ల నూటికి 65 ఆయనకే పోయేది. న్యాయం చెప్పాలంటే ఆయన ఉత్తగనే తినలే. చిన్నప్పటికెళ్లి కోచ్‌నిచ్చిండు, తిండి పెట్టిండు, విమానం ఎక్కించిండు. 2008 ఆఖరుకు నలుగురు ఆడపిల్లలను సొంతంగ ఆడుకోన్రి అని విడిచిపెట్టి, తన పాలు 8 నుంచి 12 దాక తగ్గించుకున్నడు. 2014ల లీ నా ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, నన్ను పైసలున్నదాన్ని చేసినవని కోర్టులనే ఏజెంట్‌కు థాంక్స్ చెప్పింది. ఇంటికొచ్చేవరకు విమానాశ్రయంల అధికారులు 8 లక్షల యువాన్ల చెక్కు చేతుల పెట్టి ఫొటో దిగిన్రు. ఆ ఫొటోల ఆమె మొఖం చూడున్రి సారూ. చెక్కు తీసుకుంటున్నట్టు లేదు, చలాన్ కడుతున్నట్టున్నది.

ఆ నలుగురిల ఇంకొక పిల్ల పెంగ్ షువాయ్. పైసల కాడ ఆమెను గూడ విడిచిన్రు. 2021 నవంబర్‌ల ఒక మాజీ ఉప ప్రధాని మీద ఆరోపణ రాసి పోస్టు పెడితే, అది ఎక్కువ సేపు నిలవలే. తర్వాత కొన్ని దినాలు మనిషే కనవడలే. మహిళల టెన్నిస్ సంఘం కోపంతోని చైనాల టోర్నమెంట్లు ఆపింది, 2023ల మళ్ల పోయింది. అప్పుడు తెలిసింది మాకు, మీరు ఇంట్ల చిన్నోళ్లని. పెద్ద కోడలు వేరే ఉన్నది, ఆమె పైసలడగది, నోరడుగుతది. పైసలు వదులుకుంటే సర్కారుకు పోయేది పైసలే, వచ్చే బడ్జెట్‌ల పూడ్చుకుంటది. పతకం మెడల ఉన్న మనిషి మాట్లాడితే ఆ మాటను ఏ పద్దుల రాసుకుంటది?

మా ఆటల కూత ఆగితే ఔట్. మీ ఆటల కూత పెడితే ఔట్.

మనకాడ గూడ గంతే అయింది. 2018ల మిమ్ముల వెనక్కి పంపనీకి దినాలు చాలినయి. 2023 జనవరిల సాక్షి మలిక్, వినేశ్ ఫోగట్, బజ్‌రంగ్ పునియా కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలతోని జంతర్ మంతర్ల కూసున్నప్పుడు, వినేటోళ్లు దొరకనీకి నెలలు చాలలే. మే 28న కొత్త పార్లమెంట్ దిక్కు నడుస్తుంటే పోలీసులు ఈడ్చుకపోయిన్రు. ముగ్గురివీ రైల్వే కొలువులే. డ్యూటీకి పోయిన సంగతి జూన్ 5న బయటపడితే, అగో, ఉద్యమం విడిచిన్రు అని పుకారు లేసింది. విడువలేదని మళ్ల వాళ్లే చెప్పుకోవాల్సొచ్చె. కొలువిచ్చింది జీతానికా, జవాబుకా అనేది ఆర్డర్ కాపీల రాయరు గద.

అయినా మీ హక్కు మీది. ఆ ఏడు డిసెంబర్ 21న బ్రిజ్ భూషణ్ దగ్గరి మనిషే సమాఖ్య ఎన్నికల్ల గెలిచినంక, సాక్షి ఢిల్లీ ప్రెస్ క్లబ్‌ల బూట్లు తీసి టేబుల్ మీద పెట్టి కుస్తీ విడిచిపెట్టింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషి బూట్లు, ఎంతో కొంత విలువ చేస్తయి. రెండు బూట్లల్ల మూడో వంతు ఎంతైతదో, ఎట్ల కోయాలెనో మీ లెక్కలోళ్లను అడిగి చెప్పున్రి.

ఇట్లు,
మిగిలిన రెండు వంతులు,
మహబూబ్‌నగర్.