ఏది వద్దో చెప్పని విశ్వవిద్యాలయ ప్రణాళికలు

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వ్యూహ ప్రణాళికలు నాలుగైదు వరసగా చదివితే, ఇవన్నీ ఒకరే రాశారా అన్న అనుమానం వస్తుంది. అట్ట మీద నవ్వుతున్న విద్యార్థులు, లోపల వైస్ చాన్సలర్ సందేశం, ఆ తర్వాత దార్శనికత, విలువలు, అయిదారు ‘స్తంభాలు’. బోధనలో ఉన్నత ప్రమాణాలు, ప్రపంచ స్థాయి పరిశోధన, పరిశ్రమలతో అనుబంధం, సమాజ సేవ. విశ్వవిద్యాలయం పేరు కొట్టేసి పక్క దేశంలోని మరో విశ్వవిద్యాలయం పేరు రాసినా ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు. వీటిలో దేనితోనూ ఎవరికీ పేచీ ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరికీ పేచీ లేని పత్రంలో నిర్ణయాలేవీ లేనట్టే.

అలాంటి పత్రం చేతికొస్తే నేను ముందు వెతికేది ఒకటే. రాబోయే అయిదేళ్లలో ఈ సంస్థ ఏం మానేస్తానంటోంది? ఏ కోర్సు ఆపుతుంది? ఏ రంగంలో పోటీ పడనంటుంది? ఖాళీ అయిన ఏ పోస్టును మళ్లీ అదే విభాగానికి ఇవ్వనంటుంది? ప్రజల డబ్బుతో నడిచే సంస్థకు నిధులు, పోస్టులు, అధ్యాపకుల సమయం మూడూ పరిమితమే. ఒకచోట పెంచాలంటే మరోచోట తగ్గించక తప్పదు. ఆ తగ్గింపు రాయని ప్రణాళిక కోరికల చిట్టా మాత్రమే.

ఉన్నత విద్యా ప్రణాళికల్లో అన్నిటికంటే పేరున్నది 1960 నాటి కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్. దానికి ఆ పేరు రావడానికి కారణం అది పెట్టిన హద్దులే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు కళాశాల వయసుకు వస్తున్న కాలమది. రాష్ట్ర కళాశాలలు తమకూ డాక్టరేట్ ఇచ్చే అధికారం కావాలని పట్టుబడుతున్నాయి. శాసనసభ్యులు తమ తమ ప్రాంతాలకు కొత్త ప్రాంగణాలు అడుగుతున్నారు. అప్పటి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు క్లార్క్ కెర్ చొరవతో కుదిరిన ఒప్పందం ఎవరి పని ఏమిటో తేల్చింది. ఉన్నత పాఠశాల పూర్తిచేసిన వారిలో పైనున్న 12.5 శాతం మంది నుంచి పరిశోధన విశ్వవిద్యాలయం తన విద్యార్థులను ఎంచుకుంటుంది. పైనున్న మూడో వంతు నుంచి రాష్ట్ర కళాశాలలు ఎంచుకుంటాయి. చదువుకోగలిగిన ఎవరికైనా సామాజిక కళాశాలల (కమ్యూనిటీ కాలేజీల) తలుపులు తెరిచే ఉంటాయి. డాక్టరేట్ బాధ్యత విశ్వవిద్యాలయానిది. రాష్ట్ర కళాశాలలు ఆ పట్టా ఇవ్వాలనుకుంటే దానితో కలిసి ఇవ్వాలి.

రాష్ట్ర కళాశాలలు అడిగినది వదులుకున్నాయి. విశ్వవిద్యాలయం కూడా విద్యార్థుల్లో అత్యధిక భాగాన్ని ఇతరులకు వదిలేసింది. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. ట్యూషన్ ఫీజు లేని చదువన్న మాట తర్వాతి దశాబ్దాల్లో నిలబడలేదు. సామాజిక కళాశాలలో చేరిన పేద విద్యార్థి అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి చేరే దారి కాగితం మీద ఉన్నంత సాఫీగా లేదు. అయినా ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఆ ప్రణాళికతో వాదించగలుగుతున్నామంటే, అందులో వాదించడానికి తగిన విషయం ఉంది కాబట్టే. ‘ప్రపంచ స్థాయి’ అన్న మాటతో ఏమని వాదిస్తాం?

దీనికి ఎదురు బొమ్మ అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో కనిపిస్తుంది. 2014లో అధ్యక్ష పదవిలో ఉన్న గోర్డన్ గీ 2020 నాటికి విద్యార్థుల సంఖ్యను 40,000కు చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. రాష్ట్ర జనాభా తగ్గుతోంది, కళాశాల వయసు యువత తగ్గుతోంది, లక్ష్యం మాత్రం పెరుగుతోంది. సంఖ్య ఆ దరిదాపులకు కూడా వెళ్లలేదు, పైగా తగ్గింది. 2023 నాటికి సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు తేలింది. ఆ ఏడాది సెప్టెంబరులో పాలకమండలి 28 డిగ్రీ కోర్సులను, 143 అధ్యాపక పోస్టులను రద్దు చేసింది. విదేశీ భాషల డిగ్రీలు పోయాయి. గణితంలో పీహెచ్‌డీ కూడా పోయింది. దేన్ని వదులుకోవాలో తీరిగ్గా, అందరితో చర్చించి తేల్చుకోవలసిన సంస్థ, చివరికి ఖాతా పుస్తకం చెప్పినట్టు హడావిడిగా వదులుకుంది. లోటు పూడ్చుకోవడానికి కోసిన కోత ఏ వ్యూహానికీ లోబడదు. ఎక్కడ తేలిగ్గా తెగితే అక్కడ తెగుతుంది.

చాలా ప్రణాళికలు దాటవేసే లెక్క మరొకటుంది. పరిశోధన పెరిగితే విశ్వవిద్యాలయానికి డబ్బు వస్తుందని బయటివారే కాదు, పాలకమండలి సభ్యులు కూడా అనుకుంటారు. చాలా సందర్భాల్లో వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండళ్లు ఒక ప్రాజెక్టు పూర్తి ఖర్చులో సాధారణంగా 80 శాతమే ఇస్తాయి. మిగతాది విశ్వవిద్యాలయం ఎక్కడినుంచో తెచ్చి పూడ్చుకోవాలి. ఆ ‘ఎక్కడినుంచో’ చాలా ఏళ్లుగా ప్రధానంగా విదేశీ విద్యార్థుల ఫీజులే. వీసా నిబంధనలు బిగించి ఆ రాబడి తగ్గగానే పరిశోధనకు ఎవరు డబ్బు పెడుతున్నారో అందరికీ తెలిసొచ్చింది. అమెరికాలో 2025 ఫిబ్రవరిలో, వైద్య పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్ఐహెచ్), పరిశోధన గ్రాంట్లపై ఇచ్చే పరోక్ష ఖర్చులను 15 శాతానికి పరిమితం చేస్తామన్నాయి. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి, కోర్టులు ఆ నిర్ణయాన్ని ఆపాయి. పరోక్ష ఖర్చులంటే వినడానికి దుబారాలా ఉంటుంది. నిజానికి అవి కరెంటు బిల్లు, భవనం మరమ్మతు, ప్రమాదకర రసాయనాల తొలగింపు, గ్రాంటు లెక్కలు రాసే ఉద్యోగి జీతం.

రసాయన శాస్త్ర విభాగాల్లో ఉండే ఎన్ఎంఆర్ యంత్రాన్నే చూడండి. అణువుల నిర్మాణం తెలుసుకోవడానికి అది కావాలి. ఆధునిక యంత్రాల్లో శక్తిమంతమైన అయస్కాంతం ద్రవ హీలియంలో మునిగి, సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంటుంది. ఆ హీలియం కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. సెలవులైనా, సమ్మె అయినా, యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా ఆగదు. కొన్ని నెలలకోసారి హీలియం నింపాలి, దాని చుట్టూ ఉన్న ద్రవ నైట్రోజన్ ఇంకా తరచుగా నింపాలి. మట్టం పడిపోతే అయస్కాంతం వేడెక్కి దాని శక్తి పోతుంది, మిగిలిన హీలియం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. యంత్రం కొనడానికి గ్రాంటు దొరుకుతుంది, ప్రారంభోత్సవానికి మంత్రి దొరుకుతారు. మూడేళ్ల తర్వాత ఆ గ్రాంటు ముగుస్తుంది, యంత్రానికేమో ఇరవై ఏళ్ల ఆయుష్షుంటుంది. హీలియం ఎవరు కొనాలి, దాన్ని నడిపే టెక్నీషియన్‌కు శాశ్వత పోస్టు ఉందా అన్న ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే. ‘అత్యాధునిక పరిశోధన సదుపాయాలు’ అన్న పంక్తి పక్కన నిర్వహణ ఖర్చు, టెక్నీషియన్ల సంఖ్య లేకపోతే ఆ పంక్తికి విలువ లేదు.

ఇక ర్యాంకులు. వీటి మీద ఎన్ని విమర్శలొచ్చినా ప్రణాళికల్లో ‘అయిదేళ్లలో మొదటి వందలోకి’ అన్న మాట మానడం లేదు. ర్యాంకు లక్ష్యం కాగానే లెక్కలు దానికి తగ్గట్టు తయారవుతాయి. చైనా కథ ఇందుకు మంచి పాఠం. 1995లో 211 ప్రాజెక్టు, 1998లో 985 ప్రాజెక్టు ప్రకటించి ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాలపై ఆ దేశం భారీగా డబ్బు పెట్టింది. ఫలితం వచ్చింది, కాదనలేం. దాని వెంటే అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసం పడితే నగదు బహుమతులిచ్చే పద్ధతీ పాకింది. చివరికి 2020 ఫిబ్రవరిలో, వ్యాసాల సంఖ్యకు అంత ప్రాధాన్యం ఇవ్వొద్దని, ఆ నగదు బహుమతులు ఆపాలని అక్కడి ప్రభుత్వమే ఆదేశించాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం 2023లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకుల నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం అదే పని చేసింది. ఇప్పటికే పేరున్నవాళ్లు కాబట్టి వారికి ఆ ధైర్యం చెల్లిందని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. పేరు లేని విశ్వవిద్యాలయం ర్యాంకుల పట్టికలో లేకపోతే విద్యార్థుల కంటికే ఆనదు. పట్టికలో ఉండటం వేరు, పట్టిక కోసం బతకడం వేరు.

సంఖ్యల లక్ష్యాలకు ఎప్పటికీ అందనిది ఒకటుంది, అది కాలం. స్పెయిన్‌లోని అలికాంతే ప్రభుత్వ విశ్వవిద్యాలయం 1979లో పుట్టిన సంస్థ. అక్కడి పరిశోధక విద్యార్థి ఫ్రాన్సిస్కో మొహికా, దగ్గర్లోని శాంటా పోలా ఉప్పు మడుల్లో బతికే సూక్ష్మజీవి డీఎన్‌ఏలో ఒకే వరస మళ్లీ మళ్లీ, సమాన దూరాల్లో కనిపించడం గమనించారు. ఆ వ్యాసం 1993లో వచ్చింది. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరినా ప్రయోగాలకు తగిన డబ్బు లేక, ఎక్కువగా కంప్యూటర్ మీద డీఎన్‌ఏ వరసలను పోల్చి చూస్తూ గడిపారు. అవి వైరస్‌ల నుంచి కాపాడే రక్షణ వ్యవస్థలో భాగమని 2003లో ఆయనకు తట్టింది. పేరున్న పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. 2005లో అది అచ్చయింది. ఆ దారిలోనే 2012లో జన్యువులను కోసి మార్చే క్రిస్పర్ పద్ధతి వచ్చింది. అప్పటికి స్వీడన్‌లోని ఉమియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఎమ్మాన్యుయేల్ షార్పాంటియే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి చెందిన జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. గమనిస్తే ఇవన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. మొదటి వ్యాసం నుంచి నోబెల్‌కు 27 ఏళ్లు. ఏ అయిదేళ్ల ప్రణాళిక ఈ పనిని ముందే లక్ష్యంగా రాయగలదు? రాయలేదు. ఉప్పు మడుల్లో ఏదో వెతుక్కునే మనిషికి శాశ్వత ఉద్యోగం, కాస్త సమయం ఇవ్వడం మాత్రం దాని చేతిలో పనే.

భారతదేశంలో ఈ సమస్యకు మరో మెలిక ఉంది. ప్రతి ఉన్నత విద్యాసంస్థా తన అభివృద్ధి ప్రణాళిక తయారు చేసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. విద్యాసంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే, 2015లో మొదలైన ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల విధానంలో విశ్వవిద్యాలయాలకు పరిశోధనకు 30 శాతం బరువుంది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ, అయిదేళ్లలో రూ.50,000 కోట్లు అంటోంది. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయటినుంచి రావాలి. దేశం మొత్తం మీద పరిశోధనకు పెడుతున్నది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఆగింది. ఇదంతా ఒక ఎత్తు. రాష్ట్ర విశ్వవిద్యాలయం ఎంత మంచి ప్రణాళిక రాసుకున్నా అధ్యాపక పోస్టు నింపాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేలోపు ఒప్పంద అధ్యాపకులతో, అతిథి అధ్యాపకులతో తరగతులు నడుస్తాయి. వారిని అడిగేది పాఠాలే, పరిశోధన కాదు. చాలా రాష్ట్రాల్లో వైస్ చాన్సలర్ పదవీకాలం మూడేళ్లు. అయిదేళ్ల ప్రణాళికపై సంతకం చేసిన వ్యక్తి దాని ముగింపు చూడరు. తర్వాత వచ్చినవారు కొత్త స్తంభాలతో కొత్త పత్రం మొదలుపెడతారు.

అయినా అక్కడ కూడా ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి అధ్యాపకుడి పదవీ విరమణ తేదీ సర్వీసు పుస్తకంలోనే ఉంటుంది. రాబోయే పదేళ్లలో ఏ విభాగంలో, ఏ అంశంలో, ఎప్పుడు ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో పట్టిక వేయడానికి పెద్ద మేధస్సు అక్కర్లేదు. కష్టం దాని పక్కన రాయవలసిన రెండో వరసలో ఉంది. ఆ కుర్చీ అదే అంశానికి ఉండాలా, మరో అంశానికి మారాలా, అసలు తీసేయాలా? ముప్పై ఏళ్లు పనిచేసే మనిషిని తీసుకోవడమే విశ్వవిద్యాలయం చేసే అతి పెద్ద పెట్టుబడి. దాన్ని మాత్రం ఎవరు రిటైరైతే వారి స్థానంలో అన్న అలవాటుకు వదిలేసి, లోగో రంగుల మీద సంప్రదింపులు జరుపుతారు.

ఆస్ట్రియా ఈ విషయాన్ని చట్టంలోకే ఎక్కించింది. అక్కడి 2002 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం శాశ్వత ప్రొఫెసర్ పదవి ఏ రంగానికి చెందినదో సంస్థ అభివృద్ధి ప్రణాళికలోనే రాయాలి. ఆ ప్రణాళిక ఆధారంగా ప్రభుత్వంతో మూడేళ్ల ఒప్పందం కుదురుతుంది, బడ్జెట్ మూడేళ్లకూ ఒకేసారి తేలుతుంది. వియన్నా విశ్వవిద్యాలయం ప్రణాళిక తెరిస్తే ఏ విభాగానికి ఏ అంశంలో ప్రొఫెసర్ పదవి ఉందో విభాగాల వారీగా పేజీలకు పేజీలు కనిపిస్తాయి. చదవడానికి టెలిఫోన్ డైరెక్టరీ అంత పొడిగా ఉంటుంది. తన అంశం ఆ జాబితాలో లేని అధ్యాపకుడికి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి పంక్తీ అర్థమవుతుంది.