పసిబిడ్డ అరికాలికి పిన్ను పెట్టమనే మెసేజ్ నమ్మకండి

నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: పసిబిడ్డ అరికాలు పిన్నుతో గీకితే బొటనవేలు పైకి లేచిందా, అది "బాబిన్‌స్కీ జబ్బు". చప్పుడుకు ఉలిక్కిపడితే "మోరో జబ్బు", రేపు ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్లకు వేలు కిందికి ముడుచుకుంటే పక్షవాతం భయమే లేదు.

బాబిన్‌స్కీ జబ్బు అనేది లేదు. జోసెఫ్ బాబిన్‌స్కీ 1896లో ప్యారిస్‌లో వివరించింది ఒక గుర్తును. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి పసితనంలో ఇంకా పక్వానికి రాదు, అందుకే వేలు పైకి లేస్తుంది. ఏడాది దాకా, కొందరిలో రెండేళ్ల దాకా ఇది మామూలే. ఆ తర్వాత లేస్తే ఆ దారిలో ఎక్కడో దెబ్బ ఉందని అర్థం. ఏ రోగమో మాత్రం వేలు చెప్పదు.

ఇక పిన్ను. గుచ్చుకున్న కాలు ఎవరైనా వెనక్కి లాక్కుంటారు, దాంతో వేలూ లేస్తుంది. లేని రోగం ఉన్నట్టు కనపడుతుంది. స్పర్శ తెలియని షుగర్ కాలికైతే పుండే మిగులుతుంది. డాక్టర్లు వాడేది మొద్దు కొన. మనిషిని పడుకోబెట్టి, మోకాలు చాపించి, మడమ బయటి అంచు నుంచి చిటికెనవేలి మొదలు దాకా నెమ్మదిగా గీసి, అక్కడి నుంచి లోపలికి తిప్పి బొటనవేలి కంటే ముందే ఆపుతారు. చూడాల్సింది బొటనవేలి మొదటి కదలిక ఒక్కటే.

మన దగ్గర ఈ గుర్తును పట్టించుకోవాల్సిన అసలు చోటు వేరే ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో వెన్నుపూసలు మందమై, వాటిని పట్టి ఉంచే బంధనాలు గట్టిపడి, వెన్నుపాము నొక్కుకుపోవచ్చు. మెడ వంగదు, కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటాయి, డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతుంది, పాదాన్ని పైకి నెడితే అది ఆగకుండా కొట్టుకుంటుంది, బొటనవేలు లేస్తుంది. దీన్ని వయసు నొప్పులని కొట్టిపారేసి మెడ విరిపించుకోవడం ప్రమాదం. నరాల డాక్టరుకు చూపించి ఎంఆర్ఐ తీయించాలి.

ఇక ఉలికిపాటు. దాన్ని మోరో రిఫ్లెక్స్ (తలచుకోకుండానే ఒళ్లు చేసే కదలిక) అంటారు, ఆ పేరు పిల్లల డాక్టరు ఎర్నస్ట్ మోరోది. ఆయన 1918లో వివరించాడు. చప్పుడైనా, తల కాస్త వెనక్కి జారినా బిడ్డ చేతులు విప్పార్చి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని ఏడుస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే పోతుంది. (జడుసుకుందని కట్టిన తాయెత్తుకు పేరొచ్చేది కూడా అప్పుడే.) ఒక చెయ్యే లేస్తే కాన్పులో భుజం నరాలు సాగాయేమో, కాలర్ ఎముక విరిగిందేమో చూడాలి. రెండు చేతులూ లేవకపోయినా, ఆరు నెలలు దాటినా ఉలికిపాటు పోకపోయినా చూపించాల్సిందే. ఫిట్స్ తీరు వేరు: ఏ చప్పుడూ లేకుండా, ఎక్కువగా నిద్ర లేచాక, తల వాల్చి ఒళ్లు ముడుచుకోవడం వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఫోన్లో వీడియో తీసి ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.

మెసేజ్‌లోని చివరి మాట, పెద్దవాళ్లకు వేలు ముడుచుకుంటే పక్షవాతం భయం లేదన్నదే అన్నిటికన్నా ప్రమాదం. పక్షవాతం కొట్టిన తొలి గంటల్లో వేలు లేవకపోవచ్చు. కొన్ని స్ట్రోకులు ఆ నరాల దారిని తాకనే తాకవు. మూతి వంకరపోయినా, పైకెత్తిన చెయ్యి కిందికి జారినా, మాట తడబడినా అరికాలు చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో డాక్టరు మొదట అడుగుతాడు, రాసి పెట్టుకోండి.