65 నిండేవాళ్లకు 'రహస్యాలు' పంపుతున్న మహానుభావులకు

ఈ వారంలో ఇది నాలుగోసారి. గుడి కమిటీ గ్రూపులో వచ్చింది, వాకింగ్ గ్రూపులో రెండుసార్లు వచ్చింది, నిన్న రాత్రి మా పిన్ని కొడుకు "అన్నయ్యా, నీకు పనికొస్తుంది" అంటూ పంపాడు. అమెరికాలో 65కి దగ్గరపడుతున్న మనవాళ్లకు ఐదు మెడికేర్ రహస్యాలట! మెడికేర్ అంటే ముఖ్యంగా 65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. వచ్చే మార్చికి నాకూ 65. అందుకే ఓపిక తక్కువ.

"65 రాగానే కార్డు దానంతట అదే ఇంటికొస్తుంది." అప్పటికే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) డబ్బు తీసుకుంటున్నవాళ్లకు వస్తుంది. మిగతావాళ్లు రోజూ మెయిల్‌బాక్స్ దగ్గర కాపు కాసినా రాదు, అప్లై చేసుకోవాలి.

"భార్యకూ మీ కార్డే చాలు." చాలదు. ఆవిడకు 61 అయితే ఆవిడ ఇన్సూరెన్స్ ఆవిడకు విడిగా ఉండాల్సిందే.

"ఇండియాలోనూ చెల్లుతుంది." విజయవాడలో ఏ ఆస్పత్రి కౌంటర్‌లోనైనా పెట్టి చూడండి. మర్యాదగానే తిరిగిస్తారు.

ఇక అసలు విషం: "ఒబామాకేర్ ప్లాన్ బాగుంటే అదే ఉంచుకోండి, పార్ట్ బి ఎప్పుడైనా తీసుకోవచ్చు." ఒబామాకేర్ అంటే మార్కెట్‌ప్లేస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మనం సొంతంగా కొనుక్కునే ప్లాన్. పార్ట్ బి అంటే మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే భాగం, నెలనెలా ప్రీమియం కట్టాలి.

మా పెద్దబావగారు అచ్చం ఇలాగే చేశారు. సొంత వ్యాపారం, మార్కెట్‌ప్లేస్‌లో కొన్న ప్లాన్, అలవాటైన డాక్టరు. పుట్టినరోజు నెలకు ముందు మూడు, ఆ నెల, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలలు, మెడికేర్‌లో చేరే ఆ గడువు ఆయనకు తెలియకుండానే దాటిపోయింది. తనో భార్యో ఇంకా ఉద్యోగంలో ఉండి, ఆ కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పార్ట్ బి ఆలస్యంగా తీసుకున్నా ఫరవాలేదు. సొంతంగా కొన్నది ఆ లెక్కలోకి రాదు. ఉద్యోగం మానేశాక పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కట్టుకునే కోబ్రా కూడా రాదు.

పోయిన జూన్‌లో సంగతి తెలిసింది. తెలిసి ఏం లాభం, మళ్లీ చేరడానికి జనవరి నుంచి మార్చి వరకే వీలు. నిండిన ప్రతి 12 నెలల ఆలస్యానికీ 10 శాతం పెనాల్టీ. ఆయనకు రెండేళ్లు దాటింది కాబట్టి 20 శాతం. కళ్లజోడు నుదుటి మీదకు తోసి, కిరాణా బిల్లు వెనక లెక్క వేశారు: 2026లో పార్ట్ బి నెలకు 202.90 డాలర్లు, దాని మీద ఇంకో నలభై చిల్లర. "ఎన్నాళ్లురా?" అన్నారు. పార్ట్ బి ఉన్నన్నాళ్లూ, బావగారూ. ప్రీమియం పెరిగితే అదీ పెరుగుతుంది.

అక్కడితో అయిపోలేదు. పార్ట్ ఎ (మెడికేర్‌లో ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చు చూసే భాగం) ఉచితంగా వచ్చే అర్హత ఉన్నాక మార్కెట్‌ప్లేస్ సబ్సిడీకి అర్హత పోతుంది. తీసుకున్నది టాక్సుల్లో వెనక్కి అడుగుతారు. పాత ప్లాన్ కూడా తనంతట తను ఆగదు, మనమే రద్దు చేయాలి. మెసేజ్ రాసిన పుణ్యాత్ముడు ఆ నలభై డాలర్లూ నెలనెలా పంపేట్టయితే అకౌంట్ నంబరు ఇస్తాను.

ఐదోది చదివి నవ్వుదామనే కూర్చున్నాను: "మెడికేర్‌లో మన జేబు ఖర్చుకు హద్దు లేదు, ఒబామాకేర్‌లో ఉంది." తీరా చూస్తే నిజమే! ఒరిజినల్ మెడికేర్‌లో (అంటే ప్రభుత్వం నేరుగా నడిపే పార్ట్ ఎ, పార్ట్ బి) పార్ట్ బి సేవలకు మామూలుగా 20 శాతం మనది, అది ఎంతైనా కావచ్చు. ఆ మన వాటా కట్టడం కోసమే ప్రైవేటు కంపెనీలు అమ్మే మెడిగ్యాప్ పాలసీ. 65 నిండి పార్ట్ బి మొదలైన మొదటి ఆరు నెలల్లో అడిగితే ఆరోగ్యం బాగాలేదని కాదనడానికి వీల్లేదు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో కాదనొచ్చు. ఈ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు.

బావగారికి పార్ట్ బి ఫిబ్రవరిలో మొదలైంది. ఆరింటిలో ఇంకా మూడు నెలలున్నాయి. సాయంత్రం వాళ్లింటికే వెళ్తున్నాను.