సవరణ: పిల్లి కూనలకి 8 వారాలంటే పాలు మానే వయసు, ఇచ్చేసే వయసు కాదు

మొన్నటి పోస్టులో పెడిగ్రీ (వంశం రికార్డు ఉన్న మేలుజాతి) పిల్లి కూనలు 8 వారాలకల్లా పాలు మానేసి సొంతంగా తింటాయని రాశా కదా, అది చదివి కొందరు అప్పుడే కొత్త ఇంటికి ఇచ్చేయొచ్చనుకుంటున్నారు, అలా కాదండి. 12, 13 వారాల దాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. ఆటలో ఎంత గట్టిగా కొరకొచ్చు, గోళ్లు ఎప్పుడు లోపలికి లాక్కోవాలి ఇవన్నీ నేర్పేది తల్లీ తోబుట్టువులే, మనం ఎంత నో నో అన్నా పెద్దగా లాభం ఉండదు. మనుషులతో మెలిగే అలవాటు మాత్రం 2 నుంచి 7 వారాల మధ్యే బాగా పడుతుంది కాబట్టి చేతిలోకి తీసుకోవడం, మిక్సీ సౌండు, పిల్లిని బయటికి తీసుకెళ్లే క్యారియర్ బాక్సు అన్నీ అప్పుడే మొదలెట్టాలి. టీకాలు 16 వారాల దాకా సాగుతాయి, మిగిలిన డోసుల సంగతి కొత్తవాళ్లకి రాసివ్వండి. అలవాటైన ఫుడ్డు కూడా కొంచెం కట్టి పంపండి, ఒక్కసారిగా మారిస్తే కడుపు పాడవుతుంది (ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటి ఎవరూ వినరు).