‘ప్రభువు చిత్తమైతే’ గారికి, బీరువా లేని ఇంటి నుంచి

ప్రభువునందు ప్రియమైన ‘ప్రభువు చిత్తమైతే’ గారికి,

చిత్తూరు నుంచి వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం, బీరువా తప్ప. అది ఇంకా కొంగారెడ్డిపల్లెలో పాత ఇంటి మెట్ల కింద, గోడ వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. మేము మురకంబట్టులో ఉన్నాం. మా బట్టలు, పాప టెన్త్ మార్కుల లిస్టు, మా పెళ్లినాటి బైబిలు దాని దగ్గరున్నాయి. తాళంచెవి మా దగ్గరుంది. అంతా తమరి దయ.

తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. రోజుకు ఎన్ని నోళ్లలో తిరుగుతారో, అందరూ ఎక్కడ గుర్తుంటారు? పోయిన బుధవారం రాత్రి ప్రార్థన కూడిక అయ్యాక, బయట చెప్పులు వెతుక్కుంటుండగా, మన తమ్ముడొకాయన నోట్లోంచి తమరు బయటికొచ్చారు. “శనివారం మధ్యాహ్నం రెండింటికి బండి తీసుకొచ్చేస్తానన్నా. ఇంకెవరికీ చెప్పొద్దు. ప్రభువు చిత్తమైతే రెండు ట్రిప్పుల్లో లేపేద్దాం.” శనివారం వినబడింది, రెండింటికి వినబడింది, బండి వినబడింది. తమరు వినబడలేదు. తప్పు నాదే. ఇన్నేళ్లుగా చర్చికి పోతున్నాను, తమరున్న వాక్యంలో టైమును నమ్మకూడదని తెలియొద్దా?

జూన్ నెలాఖరులో చిత్తూరులో సామాన్ల బండి దొరకడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ట్రాక్టరు మొదలుకొని ట్రాలీ ఆటో దాకా చక్రాలున్న ప్రతిదీ తోతాపురి కాయలు మోస్తూ జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడి ఉంటుంది. అందుకని ముందే నలుగురిని అడిగాను. ఇద్దరు బాడుగకు వస్తామన్నారు కూడా. తమ్ముడి మాట విన్నాక, మనవాడే ఉన్నాడు కదా అని ఆ ఇద్దరినీ నేనే వద్దన్నాను. ఆ రెండు ఫోన్లు చేసిన వేలు ఇంకా నొప్పిగా ఉంది.

శనివారం పొద్దున్నుంచి మూటలు కట్టాం. మంచం కోళ్లు విప్పాం. గ్రైండరు రాయికి పాత దుప్పటి చుట్టి గేటు దగ్గరికి చేర్చాం. రెండయింది. రెండున్నరకు ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. మూడింటికి “దారిలో ఉన్నానన్నా” అని మెసేజి. ఏ దారిలోనో రాయలేదు. నాలుగింటికి ఆ ఇంట్లోకి కొత్తగా దిగేవాళ్లు వాళ్ల బండితో సహా వచ్చేశారు. వాళ్ల సోఫా లోపలికి పోవాలంటే మా బీరువా బయటికి రావాలి. వచ్చింది. ఆ సోఫా మోసేవాళ్లే జాలిపడి దాన్ని మెట్ల కింద పెట్టారు. అయిదింటికి మబ్బు పట్టింది. మా ఆవిడ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని గ్రైండరు మీద కూర్చుంది. ఏమీ అనలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె ఏమీ అనకుండా కూర్చోవడం అది మూడోసారి. మొదటి రెండూ ఇక్కడ రాయదలచుకోలేదు.

ఆరుంపావుకు ఫోన్ వచ్చింది.

“ప్రైజ్ ది లార్డ్ అన్నా.”

“ప్రైజ్ ది లార్డ్ తమ్ముడూ. ఎక్కడున్నావు?”

“ప్రార్థన చేసుకున్నానన్నా. ఎందుకో నడిపింపు రాలేదు.”

వెనక ట్రాక్టర్ల హారన్లు. ఎవరో “కాటా మీదికి రానీ, రానీ” అని అరుస్తున్నారు. అదేంటని అడిగాను. పాపం, అబద్ధమాడలేదు. “పొద్దున్నే ఒక మామిడి లోడు తగిలిందన్నా. ప్రభువు ద్వారం తెరిచాడు.” అంటే మా వీధి వైపు ద్వారం మూసిందీ ఆయనేనన్నమాట. ఒక్క ట్రాలీ ఆటో కోసం ఆయన ఇన్ని తలుపులు తీసి వేయాలా?

ఇక ‘తమరు’ అనడం నా వల్ల కాదు. నిన్నే అడుగుతున్నాను.

నువ్వు పుట్టిన ఇల్లు నాకు తెలుసు. బైబిల్లో యాకోబు పత్రిక, నాలుగో అధ్యాయం, పదిహేనో వచనం. ఫలానా పట్టణానికి పోదాం, ఏడాది ఉందాం, వ్యాపారం చేసి లాభం తెచ్చుకుందాం అని వేళ్ల మీద లెక్కలేసుకునే వర్తకులకు యాకోబు వేసిన ముకుతాడువి నువ్వు. రేపేమవుతుందో మీకు తెలీదు, మీ బతుకు కాసేపు కనబడి మాయమైపోయే ఆవిరి, అంత మిడిసిపడొద్దు అని చెప్పి, ఆ తర్వాత నిన్ను వాళ్ల నోటికి అందించాడు. లాభం వెంట పరుగెత్తేవాడి కాళ్లకు అడ్డం పడాల్సినదానివి, లాభం తగిలిందని మాట తప్పినవాడికి గొడుగు పడుతున్నావు. నీ సొంత అధ్యాయం నువ్వే చివరిదాకా చదివినట్టు లేదు. నీ గుమ్మం దిగి రెండు వచనాలు నడిస్తే పదిహేడోది వస్తుంది: “మేలైనదిచేయ నెరిగియు ఆలాగు చేయనివానికి పాపము కలుగును.” నీకు పక్కింటావిడే. నీ నోట ఆమె పేరు ఎప్పుడూ వినలేదు. కొత్త ఏడాదికని చర్చిలో ఒక్కో వాక్యం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల మీద కూడా ఆమె కనబడదు. డిసెంబరు 31 అర్ధరాత్రి బుట్టలో చెయ్యిపెట్టినవాడికల్లా నిన్ను తలగా నియమిస్తాననే వాక్యమే వస్తుంది. చెప్పిన టైముకి వెళ్లు అని ఎవడికైనా వచ్చిందా?

నీ చుట్టాల సంగతి ఎత్తితే ఈ ఉత్తరం తెల్లారదు. ‘ప్రార్థనలో పెట్టుకుంటాం’ ఉంది, ఎక్కడ పెట్టుకుంటారో మళ్లీ తీయరు. ‘ముగిస్తున్నాను’ ఉంది, అది ప్రసంగంలో సగం దాటినట్టు గుర్తు. వాళ్లను క్షమించేశాను. వాళ్ల వల్ల నాకు బీరువా పోలేదు.

పౌలు కూడా నిన్ను వాడాడని నువ్వు మీసం దువ్వుతావేమో. వాడాడు. ఎఫెసువాళ్లు ఇంకొన్నాళ్లుండమని బతిమాలితే “దేవుని చిత్తమైతే మీయొద్దకు తిరిగి వత్తును” అని ఓడెక్కాడు. అది అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం. పేజీ తిప్పు. పంతొమ్మిదో అధ్యాయం మొదటి వచనంలో ఎఫెసులో ఉన్నాడు! మధ్యలో కైసరయ, అంతియొకయ, గలతీయ, ఫ్రుగియ అన్నీ చుట్టుకుని, బస్సుల్లేని కాలంలో, చెప్పిన ఊరికి తిరిగొచ్చాడు. వచ్చి మూడేళ్లున్నాడు. ఇంకోసారి కొరింథుకు వస్తానని పోలేకపోతే, ఈయన అవునంటాడు కాదంటాడు, ఏదీ నిలకడ లేదని వాళ్లు గొణిగారు. ఆయన నా నడిపింపు నా ఇష్టం అనలేదు. ఎందుకు రాలేదో ఉత్తరం రాసి చెప్పుకున్నాడు. కొంగారెడ్డిపల్లె నుంచి మురకంబట్టుకు ఎంత దూరమబ్బా? గలతీయ అడ్డమొచ్చిందా?

మా నానమ్మ నోట్లో నువ్వు ఇట్లా ఉండేదానివి కాదు, అదే నా బాధ. పుంగనూరు నుంచి కార్డు ముక్క రాసేది. అందరి క్షేమమూ అడిగి, చివర అడ్డంగా, చోటు చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటెక్కి: “ప్రభువు చిత్తమైతే సోమవారం మొదటి బస్సుకు వస్తాను.” ఆదివారం రాత్రే సంచి మూతి ముడేసి తలకింద పెట్టుకుని పడుకునేదట. సోమవారం మేము నిద్ర లేచేసరికి వాకిట్లో ఆమె చెప్పులుండేవి. ఆమె నోట్లో నీకు అర్థం ఒకటే, చావు అడ్డం రాకపోతే వస్తానని. ఒకే ఒక్కసారి రాలేదు. ఆ కార్డు సోమవారం పొద్దునే చేరింది, వెనకే చావు కబురు చేరింది. ఆ రోజు నువ్వు నిజమైన మాటవి. నేను పదేళ్లవాణ్ణి, నీకు అర్థం ఆరోజే తెలిసింది. మన తమ్ముడి నోట్లో నీకు అర్థం, మామిడి లోడు అడ్డం రాకపోతే అని.

(మా ఊళ్లో ఎవరికేం జబ్బు చేసినా వేలూరుకు పరుగెత్తుతాం కదా. అక్కడి పెద్దాసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ కథ ప్రతి సండే స్కూల్లోనూ చెబుతారు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి తలుపు కొట్టారు, పురుడు రాక పెళ్లాలు చస్తున్నారు, మగ డాక్టరును రానివ్వరు, ఆమె డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆ రాత్రి ఆమె ప్రార్థన చేసింది, నిజమే. కానీ పొద్దున లేచి డాక్టరు చదువుతానని ఇంట్లో చెప్పేసింది. 1899లో పట్టా పుచ్చుకుంది, 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఎవరో ఒక డాక్టరమ్మ వస్తుందిలే, ప్రభువు చిత్తమైతే, అని దుప్పటి కప్పుకుని ఉంటే మనమిప్పుడు ఎక్కడికి పోయేవాళ్లం?)

శనివారం కథ ఇంకా మిగిలింది. మా వీధి చివర కోళ్ల అంగడాయన్ని మంగళవారమే అడిగాను. తల కూడా ఎత్తలేదు. “కుదరదు సార్. శనివారం రాత్రి నాకు కోళ్లొస్తాయి. రాను.” కత్తి ఆపకుండా చెప్పాడు. మనసు చివుక్కుమంది. ఎంత మోటు మనిషి అని ఇంట్లో అన్నాను కూడా. శనివారం ఏడింటికి, చినుకులు మొదలవుతుండగా, ఆయన బండి వచ్చి మా గేటు ముందు ఆగింది. “ఏం సార్, ఇంకా ఈడనే ఉండారా?” అని దిగాడు. గూళ్లు దించి, అడుగున ఒక గోతం పరిచి, ఒక్క ట్రిప్పులో పట్టినంత పట్టించాడు. బీరువా పట్టలేదు. డబ్బులిస్తే డీజిలుకు మాత్రం తీసుకున్నాడు. తొమ్మిదికి కోళ్ల లారీ దగ్గరికి పరుగెత్తాడు.

తండ్రి ద్రాక్షతోటలో పనికి పొమ్మంటే ఒకడు పోను అన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు అయ్యా, పోతాను అన్నాడు, పోలేదు. మత్తయి ఇరవై ఒకటిలో ఉంది, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదటివాడి ఒంటి నుంచి కోళ్ల వాసన వస్తుందని మాత్రం ఏ ప్రసంగీకుడూ చెప్పలేదు.

మర్నాడు ఆరాధనకు ఆ మూటల్లో దొరికిన తెల్లచొక్కానే వేసుకుపోయాను. కూర్చున్నాక చూస్తే జేబు అంచున ఒక తెల్లటి ఈక. దులిపితే పక్కాయన మీద పడింది. ముందు మన తమ్ముడు నిలబడి సాక్ష్యం చెబుతున్నాడు. బండి కంతు కట్టడానికి దారి లేక ఏడుస్తుంటే శనివారమే ఒక లోడు పంపి దేవుడు కట్టించాడట. జనమంతా హల్లెలూయా అన్నారు. నా నోటి నుంచి రాలేదు గాని, కోపంలో సగం అక్కడే దిగింది. కంతు బాధ నాకు తెలియనిదా? పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి “అన్నా, లోడు తగిలింది, కంతుంది, రాలేను” అని ఉంటే పోయి రా నాయనా అనేవాణ్ణి. ఇంకో బండి వెతుక్కునేవాణ్ణి. అవునంటే అవును, కాదంటే కాదు అని యేసు కొండమీద చెప్పిన మాటకు ఖర్చు అంతే, ఒక్క ఫోన్. ఆ ఒక్క ఫోన్ చేయనివ్వకుండా ఆయన గొంతులో అడ్డంగా కూర్చున్నది నువ్వు.

నేనేదో పరిశుద్ధుణ్ణని అనుకోవద్దు. వేలూరులో ఆపరేషన్ అయిన మా పెద్దమ్మకు ఏప్రిల్‌లో నిన్నే పంపాను. మొన్న ఆమే ఫోన్ చేసి, “ప్రభువు చిత్తం ఇంకా కాలేదా నాయనా?” అంది. నవ్వుతూనే అంది.

ఇది రాస్తుండగా, అంటే ఈ బుధవారం రాత్రి, మళ్లీ తమ్ముడే ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రం అయిదింటికి వాళ్లింట్లో కృతజ్ఞత కూడిక, కుటుంబంతో రావాలట. నువ్వు అప్పటికే నా నాలుక మీదికొచ్చి కూర్చున్నావు. ఎంత మెత్తగా ఉంటావే! ఒక్కసారి పలికితే చాలు, ఆయనా సంతోషం, నేనూ సంతోషం, ఆదివారం ఎవరిల్లు వాళ్లది. మింగేశాను.

“నేను రాను తమ్ముడూ” అన్నాను. “నీ మీద కోపంగా ఉంది.”

అట్నుంచి చాలాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాను.

“అన్నా,” అన్నాడు చివరికి. “బీరువా ఇప్పుడెక్కడుంది?”

చెప్పాను. ఎప్పుడొస్తాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఇట్లు,
రెండు చొక్కాలతో గడుపుతున్న ఒక సహోదరుడు